చింతగింజలు, పలకలు, గుడ్ల అట్ట: ఎల్‌కేజీ, యూకేజీ బిడ్డలకు లెక్క ఎట్లా వస్తుంది

మీ బిడ్డ ఒకటి మొదలుకొని నూరు దాకా గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. సంతోషమే. ఇప్పుడు వంటింట్లోంచి ఒక పది చెంచాలు తెచ్చి ముందర పెట్టి, "నాలుగు ఇవ్వమ్మా" అని అడిగి చూడండి. కొందరు బిడ్డలు ఒక్కొక్కటే తీసి, నాలుగు కాగానే ఆపి ఇస్తారు. కొందరు గుప్పెడు తీసి మీ చేతిలో పెట్టి నవ్వుతారు. గుప్పెడు ఇచ్చిన బిడ్డను చూసి కంగారు పడకండి, కోప్పడకండి. ఆ బిడ్డకు సంఖ్యల పేర్లు వచ్చాయి, సంఖ్య ఇంకా రాలేదు. పాట వచ్చింది, అర్థం వస్తా ఉంది. ఎల్‌కేజీ, యూకేజీ రెండేళ్లూ మన తరగతుల్లో జరిగే గణితమంతా ఈ రెంటి నడుమ ఉన్న దారిలోనే.

ఈ చెంచాల పరీక్ష మనం కనిపెట్టింది కాదు. కరెన్ విన్ అనే పరిశోధకురాలు 1990లోనూ 1992లోనూ ప్రచురించిన వ్యాసాల్లో ఇట్లాంటి పనే చిన్నపిల్లల చేత చేయించారు. అక్కడ తేలిన విషయం తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది. బిడ్డ మొదట "ఒకటి" అంటే సరిగ్గా ఒకటే ఇస్తుంది, మిగతా ఏ సంఖ్య అడిగినా గుప్పెడే. కొన్ని నెలలకు "రెండు" కుదురుతుంది. ఇంకొన్ని నెలలకు "మూడు". ఆ తర్వాత ఒక దశలో, చాలామంది బిడ్డలకు మూడున్నర నాలుగేళ్ల ప్రాంతంలో, ఎంచుతూ పోయి ఎక్కడ ఆగితే ఆ మాటే మొత్తం ఎన్నో చెబుతుందని తెలుస్తుంది. అప్పటి నుంచి అయిదు అడిగినా ఏడు అడిగినా ఇవ్వగలదు. ఒక బిడ్డకు ముందు వస్తుంది, ఇంకో బిడ్డకు ఆరు నెలలు ఆలస్యంగా వస్తుంది. పక్కింటి బిడ్డతో పోల్చి చూసేంత తేడా కాదది.

ఎంచడంలో ఎన్ని పనులున్నాయో

పెద్దవాళ్లకు ఎంచడం ఒకే పని అనిపిస్తుంది. రోచెల్ గెల్మన్, రాండీ గాలిస్టెల్ ఇద్దరూ 1978లో రాసిన పుస్తకంలో దాన్ని అయిదుగా విడదీసి చూపించారు. ఒక్కో వస్తువుకు ఒక్కో మాట చెప్పాలి, ఒకటి వదలకూడదు, ఒకదాన్ని రెండుసార్లు ఎంచకూడదు. మాటల వరస ఎప్పుడూ ఒకటే ఉండాలి. చివరి మాట మొత్తాన్ని చెబుతుంది. ఎంచేది పలకలైనా చప్పట్లైనా పద్ధతి ఒకటే. ఎడమ నుంచి మొదలుపెట్టినా కుడి నుంచి మొదలుపెట్టినా జవాబు మారదు.

వీటిలో మొదటిదే చిన్న చేతులకు కష్టం. నోరు వేగంగా పోతుంది, వేలు వెనకబడుతుంది. "ఏడు" అనే మాటలో రెండు అక్షరాలున్నాయని ఏ-డు అంటూ రెండు గింజల మీద వేలు పెట్టే బిడ్డలున్నారు. "ఎనిమిది"కి నాలుగు అక్షరాలు, అక్కడ మూడు నాలుగు గింజలు కూడా దాటిపోతాయి. అందుకే మన తరగతిలో బిడ్డ చేత గింజను వేలితో చూపించడం తగ్గించి, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేయిస్తాం. గింజ టక్కుమని పడినప్పుడే మాట. ఎంచినవి ఒక పక్క, ఎంచాల్సినవి ఒక పక్క, కలిసిపోవు. ఇంట్లోనూ ఇట్లాగే చేయండి. ఒక రేకు గిన్నె ఉంటే చాలు, చప్పుడు బాగా వస్తుంది.

చివరి మాట సంగతికి ఇంకో చిట్కా. బిడ్డ ఆరు పెన్సిళ్లు ఎంచిన తర్వాత "మొత్తం ఎన్ని?" అని అడగండి. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే, ఆ బిడ్డకు "ఎన్ని" అంటే "ఎంచు" అని ఇంకో ఆజ్ఞలాగా వినబడిందన్న మాట. నిజానికి మాటలు రెండూ చుట్టాలు కావు. తమిళంలో ఎణ్ణు, తెలుగులో ఎన్ను, ఎంచు, అన్నీ ఒకే వేరు నుంచి వచ్చినవి. బిడ్డ మళ్లీ ఎంచితే ఆపకండి. ఎంచడం అయ్యాక పెన్సిళ్లన్నిటి చుట్టూ చేత్తో ఒక సున్న చుట్టి, "ఆరు. ఆరు పెన్సిళ్లు" అని మీరే చెప్పండి. రోజూ వింటే కొన్నాళ్లకు అదే చెబుతుంది.

తరగతిలో ఏముంటాయి

మా దగ్గర కొన్న సామాను తక్కువ. కడిగి ఆరబెట్టిన చింతగింజలు, సీసా మూతలు, ఐస్ పుల్లలు, పెద్ద బొత్తాములు, బలపాలు. కోయంబత్తూరు మిల్లుల్లో నూలు చుట్టే అట్ట కోన్లు దొరికితే అంతకన్నా మంచివి లేవు, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి ఏ గోపురం ఎత్తో చూడొచ్చు. ఎత్తు పెరిగితే సంఖ్య పెరిగిందని బిడ్డ కంటికే తెలుస్తుంది.

అన్నిటికన్నా పనికొచ్చేది గుడ్ల అట్ట. అంగడిలో గుడ్లు వచ్చే అట్టలో ముప్పై గుంటలుంటాయి, ఆరు వరసలు, వరసకు అయిదు. దాన్ని కత్తిరించి రెండు వరసల ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకు పది గుంటలు. ఇప్పుడు బిడ్డను ఏడు గింజలు వేయమనండి. ఒక వరస నిండుతుంది, రెండో వరసలో రెండు. ఏడంటే అయిదూ రెండూ అని మనం నోటితో చెప్పనక్కర లేదు. మూడు గుంటలు ఖాళీగా కనబడుతున్నాయి, అంటే పదికి ఇంకా మూడు కావాలి. రెండో తరగతిలో కూడికలకు పనికొచ్చే విషయం యూకేజీలోనే చేతికి అందింది. ఒక్క అట్టకు మూడు ముక్కలు వస్తాయి, ఇంట్లో ముగ్గురు బిడ్డలున్నా సరిపోతుంది. గుడ్లు తినని ఇళ్లవాళ్లు అట్ట మీద గీత గీసి పది గళ్లు చేసుకోండి, ఏం తేడా లేదు.

ఇంకోటి మాంటిసోరి పెట్టె. మరియా మాంటిసోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయి, ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె పద్ధతిలో సున్న నుంచి తొమ్మిది దాకా అంకెలు రాసిన అరలుంటాయి, వాటిలో వేయడానికి సరిగ్గా 45 కడ్డీలుంటాయి. మేము పది ప్లాస్టిక్ కప్పులు, 45 ఐస్ పుల్లలు వాడతాం. బిడ్డ 1 రాసిన కప్పులో ఒకటి, 2 రాసిన కప్పులో రెండు వేసుకుంటూ పోతే 9 దగ్గరికి వచ్చేసరికి పుల్లలు సరిగ్గా అయిపోవాలి. మిగిలినా చాలకపోయినా ఎక్కడో పొరపాటు జరిగిందని బిడ్డకే తెలుస్తుంది, టీచరమ్మ చెప్పాల్సిన పని లేదు. సున్న కప్పు ఖాళీగా ఉంటుంది. "దీంట్లో ఎందుకు వేయలేదు?" అంటే "ఏమీ వద్దని రాసి ఉంది" అనే జవాబు వచ్చిందంటే సున్న అర్థమైనట్టే.

పదకొండు దాటితే పుల్లలను పదేసి రబ్బరు బ్యాండుతో కడతాం. ఒక కట్ట, మూడు విడి పుల్లలు, పదమూడు. కట్ట విప్పితే పదే ఉన్నాయా అని రోజూ విప్పి చూసేవాళ్లుంటారు. విప్పనివ్వండి. ఆ అనుమానం తీరితేనే కట్టను ఒకటిగా చూడగలరు.

వస్తువులన్నీ ఆటకే అనుకోకండి, తరగతిలో నిజమైన పనులు కూడా ఎంచడంతోనే నడుస్తాయి. పలకలు పంచే బిడ్డ వరసలో ఎందరున్నారో చూసి అన్ని పలకలు తేవాలి. గుమ్మం దగ్గర చెప్పులు జతలుగా పెట్టేటప్పుడు రెండు, నాలుగు, ఆరు అని రెళ్లలో ఎంచడం వస్తుంది. కుర్చీలు ఎక్కువున్నాయా, పిల్లలు ఎక్కువున్నారా? ఎంచకుండానే అందరినీ కూర్చోబెట్టి చూస్తే చాలు, ఖాళీ కుర్చీ మిగిలితే జవాబు దొరికింది.

తెలుగులోనా, తమిళంలోనా, ఇంగ్లీషులోనా

తల్లిదండ్రుల సమావేశాల్లో తరచుగా వచ్చే ప్రశ్న ఇదే. మన బిడ్డ అవ్వతో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు. 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టిన కాలం నుంచీ, అంతకు ముందు నుంచీ వచ్చి స్థిరపడిన కుటుంబాలు మనవి. ఇన్ని తరాలుగా ఇంటి లోపల తెలుగు నిలిచింది గానీ, అంగడిలో డబ్బు ఎంచేటప్పుడు మనకే తమిళం వచ్చేస్తుంది. సంఖ్యలే ముందు జారిపోయే మాటలు. అందుకే మొదటి లెక్కలు తెలుగులో రావాలని మేము కొంచెం పట్టుబడతాం.

అసలు గమ్మత్తు ఏమిటంటే వ్యవహారంలో తమిళం సంఖ్యలూ తెలుగు సంఖ్యలూ కొన్నిచోట్ల ఒకటే. ఒణ్ణు, రెండు, మూణు, నాలు, అంజు, ఆరు, ఏళు, ఎట్టు, ఒంబదు, పత్తు. రెండూ ఆరూ రెండు భాషల్లోనూ ఒకే మాట. పన్నెండు కూడా వాడుకలో అంతే. అవి దారులు కలిసే కూడళ్లు. తెలుగులో బయల్దేరిన బిడ్డ "ఒకటి, రెండు" దాకా వచ్చి "మూణు, నాలు" అని అటు తిరుగుతుంది, "అయిదు, ఆరు" దాకా వచ్చి "ఏళు, ఎట్టు" అని పోతుంది. ఇది అయోమయం అని తొందరపడి అనుకోకండి. ఒక్కో గింజకు ఒక్కో మాట పడుతూ, వరస ఎప్పుడూ ఒకటే అయితే గణితం సరిగ్గానే ఉంది, దిద్దాల్సింది భాష మాత్రమే. ఎంచే మధ్యలో ఆపి "మూణు కాదు మూడు" అంటే ఎక్కడున్నామో బిడ్డ మరిచిపోతుంది. మొత్తం ఎంచనిచ్చి, తర్వాత మీరు అదే గింజలను తెలుగులో ఎంచి వినిపించండి. ఒకసారి ఎంచేటప్పుడు ఒకే భాష అనే నియమం పెద్దవాళ్లు పాటిస్తే చాలు. మూడు భాషల్లో ఎంచొద్దని మేము అనడం లేదు, మూడూ వస్తే మంచిదే.

పది దాటిన తర్వాత తెలుగుకు ఒక లాభముంది. పదమూడు అన్న మాటలో పది ముందు, మూడు తర్వాత. రాసేదీ అట్లాగే, 1 తర్వాత 3. ఇంగ్లీషు థర్టీన్‌లో మూడు ముందు వినబడుతుంది. విన్నది విన్నట్టు రాసే బిడ్డ 31 వేస్తుంది. ఫోర్టీన్‌కూ ఫార్టీకీ తేడా చెవికి అందదు, పద్నాలుగుకూ నలభైకీ ఆ తంటా లేదు. పదకొండు పాత పుస్తకాల్లో పదునొకండు, అంటే పదీ ఒకటీ. చైనా భాషలో పదకొండును సూటిగా పది-ఒకటి అనే అంటారు. 1995లో కెవిన్ మిల్లర్, మరికొందరు చైనా పిల్లలనూ అమెరికా పిల్లలనూ పోల్చినప్పుడు పది దాకా ఇద్దరూ సమానమే, పది నుంచి ఇరవై మధ్యలోనే అమెరికా పిల్లలు వెనకబడ్డారు. మన తెలుగు చైనా భాషంత సూటి కాదు, ఇంగ్లీషంత వంకరా కాదు. "పదహారంటే పదీ ఎంత?" అని రోజుకొకసారి అడిగితే ఆ లాభం బిడ్డకు దక్కుతుంది.

ఇంకో చిక్కు తొంభై దగ్గర. అంగడిలో "తొణ్ణూరు" అని విన్న బిడ్డకు చివర్లో "నూరు" వినబడుతుంది. మన ఇళ్లలో పెద్దలు నూరు అంటారు, పుస్తకం వంద అంటుంది. ఒకటి, రెండో తరగతులకు వచ్చాక తొమ్మిది కట్టలు, పది కట్టలు పక్కపక్కన పెట్టి చూపిస్తే తీరిపోతుంది. ఇప్పుడే దాని గురించి తల పట్టుకోకండి.

మనుషులను ఎంచడానికి తెలుగులో వేరే మాటలున్నాయి. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు, తర్వాత ఎనిమిదిమంది, తొమ్మిదిమంది. చుట్టుపక్కల "మూణు పేరు" అని వినే బిడ్డ "మూడు పిల్లలు" అనడం సహజం. హాజరు వేళ ఎవరు రాలేదో బిడ్డలే చూసి "ఈ రోజు ఇద్దరు రాలేదు" అని చెబుతారు. ఇంట్లో అన్నం వడ్డించేముందు "ఎందరికి కంచాలు పెట్టాలి?" అని అడగండి. ముగ్గురికి మూడు కంచాలు అన్నప్పుడు రెండు రకాల మాటలూ ఒకేసారి వస్తాయి. అవ్వ తాతలు ఈ పనికి మాకన్నా బాగా సరిపోతారు.

అవ్వ దగ్గరున్న ఆటలు

వైకుంఠపాళి పటం చాలా ఇళ్లలో ఏకాదశి రాత్రికి మాత్రమే బయటికి వస్తుంది. ఏడాదంతా బయట ఉంచండి. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అమెరికాలో పేద కుటుంబాల చిన్నపిల్లలతో 1 నుంచి 10 దాకా గళ్లున్న సాదా ఆట ఆడించి 2008లో ఫలితాలు ప్రచురించారు. పదిహేను ఇరవై నిమిషాల చొప్పున రెండు వారాల్లో నాలుగుసార్లు ఆడినందుకే సంఖ్యల జ్ఞానం మెరుగైంది, తొమ్మిది వారాల తర్వాతా నిలిచింది. అంకెల బదులు రంగులున్న పటం మీద ఆడిన పిల్లలకు ఆ లాభం రాలేదు. ఆడే తీరులో ఒక్క విషయం చూసుకోండి. 6వ గడిలో ఉన్న బిడ్డకు రెండు పడితే "ఒకటి, రెండు" అని కాకుండా "ఏడు, ఎనిమిది" అని గడిలోని అంకె చెబుతూ జరపాలి. వైకుంఠపాళి పెద్దది, పాములు ఏడిపిస్తాయి, కాబట్టి ఎల్‌కేజీ బిడ్డలకు ముందు నేల మీద సుద్దతో పది గళ్లు గీసి మొదలుపెట్టండి.

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేసి ఎన్ని వెల్లకిలా పడ్డాయో చూస్తాం. ఎవరూ ఒకటి రెండు అని ఎంచరు, చూపుతోనే మూడని తెలిసిపోతుంది. మూడు నాలుగు దాకా మనిషి కన్ను ఎంచకుండానే పట్టేస్తుంది. ఆ చూపు పదునెక్కడానికి ఈ ఆటకు మించింది లేదు. వామనగుంటలు, తమిళంలో పల్లాంగుళి, పద్నాలుగు గుంటల పలక. ఒక్కో గుంటలో ఒక్కో గింజ వదులుతూ పోవడం అంటే ఇందాక చెప్పిన ఒక గింజకు ఒక మాట పనే, వేళ్లకు అలవాటవుతుంది. నియమాలన్నీ ఇప్పుడే నేర్పొద్దు, వేయడం ఒక్కటే చాలు.

చుక్కల ముగ్గు పెట్టేటప్పుడు వరసకు ఎన్ని చుక్కలో బిడ్డ చేత చెప్పించండి. నవరాత్రికి బొమ్మల కొలువు మెట్లు మూడో, అయిదో, ఏడో, తొమ్మిదో ఉంటాయి. మెట్టుకు ఎన్ని బొమ్మలు, ఏ మెట్టు మీద ఎక్కువ? మల్లెపూలు మూర వేసి కొనేటప్పుడు "రెండు మూరలు" అని బిడ్డే అడగనివ్వండి.

వేళ్ల మీద ఎంచితే తప్పా అని కొందరు అడుగుతారు. తప్పు లేదు. అవ్వ బొటనవేలితో కణుపులు తాకుతూ ఒక చేతి మీదే పన్నెండు ఎంచుతుంది, చూసి నేర్చుకోనివ్వండి.

రాయడం, తొందర

"పక్క బడిలో యూకేజీకే నూరు దాకా రాయిస్తున్నారు" అనే మాట మాకూ వినబడుతుంది. కేంద్ర ప్రభుత్వం 2021 జూలై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో ఒకటో తరగతికి ముందటి ఏడాది బిడ్డ 10 దాకా అంకెలు గుర్తుపట్టి చదవాలి. 99 దాకా చదవడం, రాయడం ఒకటో తరగతి లక్ష్యం. పది గట్టిగా వచ్చిన బిడ్డకు నూరు పెద్ద దూరం కాదు. పది పైపైనే వచ్చిన బిడ్డ చేత నూరు రాయిస్తే, అంకెలు బొమ్మలుగా దిగుతాయి, చేయి నొప్పి పుడుతుంది.

ఇంత ఎందుకు పట్టించుకోవాలంటే, గ్రెగ్ డంకన్, మరికొందరు 2007లో ఆరు దీర్ఘకాల పరిశీలనల సమాచారాన్ని కలిపి చూసినప్పుడు, బడిలో చేరేనాటి గణిత జ్ఞానం తర్వాతి చదువును అన్నిటికన్నా గట్టిగా సూచించింది. చదవడం దాని తర్వాతే. సూచించడం వేరు, కారణం వేరు. అయినా పట్టించుకోదగిన మాటే.

ఒక పరీక్ష చూసి మాత్రం భయపడొద్దు. ఆరు మూతలు ఒక వరస, ఆరు మూతలు దాని కింద ఇంకో వరస పెట్టండి. సమానమే అంటుంది బిడ్డ. కింది వరసను ఎడంగా జరపండి. "ఇప్పుడు ఇదే ఎక్కువ" అంటుంది. జీన్ పియాజే దీన్ని దశాబ్దాల కిందటే చూపించారు. ఆరేడేళ్లు వచ్చేసరికి మారుతుంది. అప్పటిదాకా వాదించి లాభం లేదు.

పెద్ద తరగతుల అన్నలకు, అక్కలకు

తమ్ముడో చెల్లెలో లెక్క తప్పితే నవ్వకండి, జవాబు ముందే చెప్పేయకండి. మీరు కావాలని తప్పు ఎంచండి. ఒక గింజ వదిలేయండి, లేదా ఒకదాన్ని రెండుసార్లు ఎంచండి. "అది తప్పు అన్నా!" అని పట్టుకున్నారంటే వాళ్లకు ఎంచడం వచ్చినట్టే. అయిదు గింజలు చూపించి, రెండు గుప్పెట్లో దాచి, "దాచినవి ఎన్ని?" అని అడిగే ఆట కూడా మీరే బాగా ఆడించగలరు.

బడికి పంపాల్సినవి

ఖాళీ గుడ్ల అట్టలు ఉతికితే పాడవుతాయి, ఎండలో పెట్టి తుడిచి పంపండి. సీసా మూతలు, ఐస్ పుల్లలు సబ్బుతో కడిగి ఆరబెట్టండి. చింతగింజలు ఎల్‌కేజీకి వద్దు, యూకేజీకి మాత్రమే, అవి కూడా టీచరమ్మ కళ్ల ముందరే వాడతాం. పూసలు, బఠాణీలు, చిన్న బొత్తాములు, గుండు బ్యాటరీలు దయచేసి పంపకండి. ముక్కులోనో చెవిలోనో పెట్టుకునే వయసు ఇది, గుండు బ్యాటరీ మింగితే ప్రాణానికే ముప్పు. ఇంట్లో మూడేళ్లలోపు పసిబిడ్డ ఉంటే ఆట అవగానే గింజలు ఎంచి డబ్బాలో వేసి పైన పెట్టండి. ఎన్ని తీశారో అన్నీ తిరిగి వచ్చాయా అని ఎంచే పని యూకేజీ బిడ్డకే ఇవ్వండి. పంపే సంచి మీద బిడ్డ పేరు, తరగతి రాయండి.